ఒక శిశురోగం జాడ వెంట

రోగిని కంటితో చూచి, చేతితో తాకి, నాడి పట్టి రోగస్థితిని తెలుసుకోవడం వైద్యులకు అనాదిగా వస్తున్న ఆచారం. నిన్నటికంటె ఈనాడు జ్వరం తగ్గిందా, వాపు తీసిందా, ఆకలి పుట్టిందా అని దినదినమూ పరిశీలించి, రోగం ఏ దారిని నడుస్తున్నదో గ్రహించి, దానికి తగిన చికిత్స చేస్తారు. చాలా రోగాల విషయంలో ఈ పద్ధతి చాలును. కాని మరికొన్ని రోగాలున్నవి. వాటి చిహ్నాలు కంటికి కనిపించే నాటికే అవి చేయదలచిన కీడు చాలవరకు చేసివేసి ఉంటవి. అటువంటి రోగాన్ని వెన్నంటి పోవాలంటే కన్ను చాలదు. మరొక సాధనం కావాలి. ఆ సాధనాన్ని వెదకడంలో తల్లులు, వైద్యులు, రసాయన శాస్త్రజ్ఞులు కలిసి నడచిన దారి ఆధునిక వైద్యచరిత్రలో ఒక ముఖ్యమైన అధ్యాయం. ఆ రోగం పేరు ఫెనైల్‌కీటోనూరియా. పేరు నోరు తిరగనిదే కాని, దాని కథ అర్థం కానిది కాదు.

మనం తినే పప్పు, పాలు, గ్రుడ్లు, మాంసం మొదలైన వాటిలో మాంసకృత్తులున్నవి. ఈ మాంసకృత్తులు జీర్ణమైనప్పుడు అమైనో ఆమ్లాలనే చిన్న చిన్న పదార్థాలుగా విడిపోతవి. వానిలో ఒకటి ఫెనైల్ అలనిన్. శరీరం పెరుగుదలకు ఇది అత్యవసరం. తనకు కావలసినంత వాడుకొని, మిగిలిన దానిని కాలేయం టైరోసిన్ అనే మరొక అమైనో ఆమ్లంగా మార్చివేస్తుంది. ఈ మార్పు చేయడానికి ఒక ప్రత్యేకమైన ఎంజైము ఉన్నది. కొందరు శిశువులలో పుట్టుకతోనే ఆ ఎంజైము లోపించి ఉంటుంది. అప్పుడు ఫెనైల్ అలనిన్ ఖర్చుకాక రక్తంలో పేరుకొనిపోతుంది. సాధారణంగా 100 మిల్లీలీటర్ల రక్తంలో 1, 2 మిల్లీగ్రాములకు మించని ఈ పదార్థం, ఈ శిశువులలో 20 మిల్లీగ్రాములకు పైగా చేరుతుంది. ఎదుగుతున్న మెదడుకు అది విషప్రాయం.

ఈ రోగంలోని క్రూరత్వం ఏమంటే, బిడ్డ పుట్టినప్పుడు ఏ లోపమూ కనిపించదు. గర్భంలో ఉన్నంతకాలం తల్లి కాలేయమే ఆ పనిని కూడ చేసి బిడ్డను కాపాడుతుంది. పుట్టిన తరువాత తల్లిపాలు మొదలైన నాటినుండి రక్తంలో ఆ పదార్థం పెరుగుతుంది. బిడ్డ నవ్వుతుంది, పాలు త్రాగుతుంది, చుట్టపక్కాలు వచ్చి ముద్దులాడి పోతారు. కొన్ని నెలలు గడచిన పిమ్మట గాని ఆటపాటలలో మాంద్యం పొడగట్టదు. కొందరికి మూర్ఛలు, చర్మంపై పొక్కులు వస్తవి. టైరోసిన్ తగినంత లేక రంగుపదార్థం తయారుకాదు కనుక జుట్టు, చర్మం, కన్నులు తోబుట్టువుల వానికంటె పాలిపోయి ఉంటవి. ఏడాది నిండేసరికి తెలివికి తీరని నష్టం కలుగుతుంది.

పుట్టుకతో వచ్చే ఇటువంటి రసాయనిక లోపాలు ఉండవచ్చునని మొదట ఊహించినవారు ఇంగ్లండులోని ఆర్చిబాల్డ్ గారడ్. మూత్రం నల్లబడే ఆల్కాప్టోనూరియా అనే మరొక రోగాన్ని పరిశీలించి, అది వంశానుగతమైన లోపమని 1902లో ఆయన ప్రకటించారు. 1908లో చేసిన ఉపన్యాసాలలో ‘పుట్టుకతో వచ్చిన జీవక్రియాలోపాలు’ అనే భావాన్ని స్థిరపరచారు. సమకాలికులు దానిని వింతలలో ఒక వింతగా చూచి ఊరకున్నారు. ఆ భావం ఎంత గొప్పదో తెలియడానికి మరొక పాతికేళ్ళు పట్టింది.

1934లో నార్వే రాజధాని ఆస్లో నగరంలో ఒక తల్లి తన బిడ్డలిద్దరినీ వెంటబెట్టుకొని వైద్యుల వెంట తిరుగుతున్నది. పెద్దది ఆడపిల్ల, ఆరేళ్ళు దాటినా కొద్ది మాటలు తప్ప పలుకలేదు. పిల్లవానికి నాలుగేళ్ళు, నడకా లేదు, మాటా లేదు. ఇద్దరూ పుట్టినప్పుడు చక్కగానే ఉన్నారు. ఎందుచేత ఇట్లా అయినారని అడిగితే జవాబు చెప్పగలవారు లేరు. ఆ తల్లి మరొక సంగతి కూడ గమనించింది. పిల్లల ఒంటినుండి ఎప్పుడూ ఒక విధమైన ముక్కిన వాసన వస్తున్నది. ఎంత కడిగినా పోదు. ఈ మాటను చాలామంది పెడచెవిని పెట్టారు. చివరకు ఆస్బ్యోర్న్ ఫోలింగ్ అనే ఆచార్యుడు పిల్లలను చూడడానికి ఒప్పుకొన్నాడు.

ఫోలింగ్ 1888లో పుట్టాడు. మొదట రసాయన శాస్త్రం చదివి, ఆ తరువాత వైద్యం అభ్యసించినవాడు. ఆ పూర్వవిద్యయే ఇప్పుడు అక్కరకు వచ్చింది. పిల్లలను పరీక్షించాడు, ప్రత్యేకంగా ఏమీ కనిపించలేదు. మధుమేహ రోగులకు చేసే పరీక్షలో భాగంగా మూత్రంలో కొన్ని చుక్కల ఫెర్రిక్ క్లోరైడు ద్రావణం వేసి చూచాడు. మామూలు మూత్రమయితే దాని గోధుమవన్నె మారదు. మధుమేహం ముదిరినవారిది ఎరుపెక్కుతుంది. ఈ పిల్లలది చిక్కని ఆకుపచ్చ రంగుకు తిరిగింది. కొంతసేపటికి ఆ రంగు వెలిసిపోయింది. అటువంటి రంగును ఆయన ఎన్నడూ చూచి ఉండలేదు. మందుల వలన వచ్చినదేమో అనే సందేహంతో వారం రోజులు మందులన్నీ మానిపించి మళ్ళీ చూచాడు. మళ్ళీ అదే ఆకుపచ్చ.

ఆ పదార్థమేదో వేరుచేసి తెలుసుకోవడానికి రెండు నెలలకు పైగా పట్టింది. అన్నాళ్ళూ ఆ తల్లి పిల్లల మూత్రాన్ని సీసాలలో పోసి ప్రయోగశాలకు మోసుకొని వచ్చింది. మొత్తం ఇరవై లీటర్లకు పైగా అయింది. గాలి తగిలితే ఆ పదార్థం చెడిపోతున్నదని గ్రహించి, ఫోలింగ్ గాలి సోకకుండ జాగ్రత్తలు తీసుకొని, దానిని శుద్ధి చేసి స్ఫటికాలుగా రాబట్టాడు. అది ఫెనైల్‌పైరువిక్ ఆమ్లం. రక్తంలో మిగిలిపోయిన ఫెనైల్ అలనిన్ వేరొక దారిని ప్రవహించి ఈ రూపంలో బయటపడుతున్నదని ఆయన తర్కించాడు. ఆ వాసనకు, బుద్ధిమాంద్యానికి మూలం ఒక్కటే అని తేలింది. తల్లి ముక్కు పసిగట్టిన దానిని రసాయన శాస్త్రం ధ్రువపరచింది.

ఆయన అంతటితో ఆగలేదు. ఆస్లో చుట్టుపట్ల ఆశ్రమాలలో ఉన్న 430 మంది బుద్ధిమాంద్యులకు అదే పరీక్ష చేశాడు. మరి ఎనిమిది మంది మూత్రం ఆకుపచ్చనయింది. మొత్తం పదిమందిలో తోబుట్టువులు ఉండడం చూచి, ఇది వంశానుగతమని నిశ్చయించాడు. 1934లోనే ఆ ఫలితాలను ప్రకటించాడు. బుద్ధిమాంద్యమనగానే విధివ్రాత అని ఊరకుండే కాలంలో, దానికి నిర్దిష్టమైన రసాయనిక కారణం ఒకటి ఉండవచ్చునని చూపడమే ఆయన చేసిన గొప్ప పని. ‘ఫెనైల్‌కీటోనూరియా’ అనే పేరును 1937లో ఇంగ్లండులో లయొనెల్ పెన్రోజ్, జూడా క్వాస్టెల్ వాడుకలోకి తెచ్చారు. లోపం ఫెనైల్ అలనిన్‌ను టైరోసిన్‌గా మార్చడంలోనే ఉన్నదని 1947లోనూ, ఆ ఎంజైము కాలేయంలో పనిచేయడం లేదని 1953లోనూ అమెరికాలోని జార్జి జెర్విస్ నిరూపించారు.

ఇది తల్లిదండ్రులనుండి ఎట్లా సంక్రమిస్తుందో కూడ ఈ కాలంలోనే స్పష్టపడింది. ప్రతి మనిషికీ ఈ ఎంజైముకు సంబంధించిన వంశబీజాలు రెండు ఉంటవి. తండ్రినుండి ఒకటి, తల్లినుండి ఒకటి. ఒకటి చెడినా రెండవది పని నెరవేరుస్తుంది కనుక ఆ మనిషికి ఏ జబ్బూ ఉండదు. అట్లా ఒక్కొక్క చెడిన బీజం దాచుకొన్న ఇద్దరు దంపతులైతే, ప్రతి కాన్పులోను నాలుగింట ఒక వంతు రెండు చెడిన బీజాలూ బిడ్డకే చేరే అవకాశం ఉన్నది. దగ్గరి బంధువులు ఒకే పూర్వుని బీజాన్ని పంచుకొని ఉండవచ్చును గనుక, మేనరికపు పెళ్ళిళ్ళు వాడుకగా ఉన్న మనవంటి ప్రాంతాలలో ఈ జాతి రోగాలకు అవకాశం కొంత హెచ్చు. ఇందులో తల్లి దోషమూ లేదు, తండ్రి దోషమూ లేదు.

ఈ మాట నొక్కి చెప్పవలసి రావడానికి కారణమున్నది. ఆ రోజులలో పాశ్చాత్యదేశాలలో పెక్కుచోట్ల, మందబుద్ధుల వంశం పెరుగకుండ శస్త్రచికిత్స చేయించాలనే వాదం బలంగా ఉండేది. పెన్రోజ్ 1946లో లండనులో ఆచార్యపదవి స్వీకరిస్తూ చేసిన ఉపన్యాసానికి ఈ రోగాన్నే విషయంగా తీసుకొన్నారు. ఈ బీజాన్ని తుడిచిపెట్టాలంటే, జబ్బు ఉన్న కొద్దిమందిని ఆపితే ఏమీ జరుగదు; ఆరోగ్యంగా ఉన్న ప్రజలలోనే నూటికొకరిని సంతానహీనులను చేయవలసి వస్తుందని లెక్క కట్టి చూపారు. ఆ వాదం డొల్లతనం అంతటితో బయటపడింది. రోగిని తుడిచిపెట్టడం కాదు, రోగాన్ని ఆపడమే మార్గమని తేలింది. కాని ఆపడమెట్లా?

ఆపలేని రోజులలో ఒక తల్లి అనుభవం ఎట్లా ఉండేదో పెర్ల్ బక్ 1950లో వ్రాసిన ‘ద చైల్డ్ హూ నెవర్ గ్రూ’ అనే చిన్న పుస్తకం వలన లోకానికి తెలిసింది. చైనా రైతు జీవితాన్ని నవలగా వ్రాసి 1938లో నోబెల్ బహుమానం పొందిన రచయిత్రి ఆమె. 1920లో పుట్టిన ఆమె కుమార్తె చూడ ముచ్చటగా ఉండేది. మూడేళ్ళు వచ్చినా మాట రాకపోవడంతో ఆమె వైద్యులను ఆశ్రయించి, దేశాలు దాటి తిరిగింది. కారణమేమో ఎవరూ చెప్పలేకపోయారు. ఆ పుస్తకం వ్రాసే నాటికి కూడ బిడ్డ జబ్బు పేరు ఆమెకు తెలియదు. అది ఫెనైల్‌కీటోనూరియా అని తెలిసేసరికి ఆ బిడ్డ నడివయస్సుకు వచ్చింది. బిడ్డ ఎదుగుదల ఎక్కడ తప్పిందో తల్లి కంటితో చూచి తెలుసుకొన్నది. అయితే ఆమె చూచింది జరిగిపోయిన దానిని మాత్రమే.

కథ ఇప్పుడు ఇంగ్లండులోని బర్మింగ్‌హాం నగరానికి మారుతుంది. అక్కడి పిల్లల ఆస్పత్రిలో హార్స్‌ట్ బికెల్ అనే జర్మన్ యువవైద్యుడు పనిచేస్తున్నాడు. రెండేళ్ళ వయసున్న ఒక ఆడపిల్లకు ఈ రోగమని నిర్ధారణ చేశారు. ఆ పిల్ల నిలుచోలేదు, నడువలేదు. మూలుగుతూ, ఏడుస్తూ, తల నేలకు కొట్టుకొంటూ ఉండేది. జబ్బు పేరు చెప్పినందుకు తల్లి సంతోషించలేదు. బాగుచేయడానికి ఏమి చేస్తారని అడిగింది. చేయగలది లేదంటే వినలేదు. ఉదయం ప్రయోగశాల వాకిట నిలిచి, మళ్ళీ అదే ప్రశ్న అడిగేది. ఆ పట్టుదలకు తాళలేక బికెల్ ఆలోచనలో పడ్డాడు.

ఆహారంలోనుండి ఫెనైల్ అలనిన్‌ను తీసివేస్తే ఏమవుతుందని ఆయన, ఎవలిన్ హిక్‌మన్స్, జాన్ గెరార్డ్ కలిసి యోచించారు. లండనులో లూయీ వుల్ఫ్ అనే రసాయన శాస్త్రజ్ఞునికి ఇదే ఆలోచన వచ్చి ఉన్నది. పాలలోని మాంసకృత్తును అమైనో ఆమ్లాలుగా విడగొట్టి, ఆ ద్రావణాన్ని ప్రత్యేకంగా సిద్ధపరచిన బొగ్గుపొడి గుండా వడపోస్తే ఫెనైల్ అలనిన్ బొగ్గుకు అంటుకొనిపోతుంది. శీతలగృహంలో కూర్చొని ఆ ద్రావణాన్ని వారే స్వయంగా తయారు చేశారు. 1951లో ఆ పిల్లకు ఆ ఆహారం మొదలుపెట్టారు. రక్తంలో ఫెనైల్ అలనిన్ తగ్గింది, మూత్రంలో ఆకుపచ్చ రంగు పోయింది. కాని కొద్దిరోజులకు పిల్ల బరువు తగ్గసాగింది. బొత్తిగా లేకుండ చేస్తే శరీరం తన కండనే కరగించుకొని దానిని పుట్టిస్తున్నది. అందుచేత కొలిచి కొద్దిగా పాలు కలిపారు. ఎక్కువైతే మెదడుకు కీడు, తక్కువైతే దేహానికి కీడు. ఈ రెండింటి నడుమ సన్నని గట్టుమీద నడవాలి. ఆ నడకకు రక్తపరీక్ష ఒక్కటే చేతికర్ర.

పది నెలలలో ఆ పిల్ల ప్రాకింది, నిలిచింది, కుర్చీల మీదికి ఎక్కింది. కన్నులలో కాంతి వచ్చింది. జుట్టు నలుపు తిరిగింది. తల కొట్టుకోవడం మానింది. ఇది ఆహారం వలననే అని ఎట్లా నమ్మడం? వైద్యులు తల్లికి చెప్పకుండ ఆ ద్రావణంలో ఫెనైల్ అలనిన్ కలిపారు. కొన్ని గంటలలోనే మార్పు కనిపెట్టింది తల్లి. మరునాటికి పిల్ల నిలువలేకపోయింది, మళ్ళీ తల బాదుకొన్నది. పది నెలలలో సంపాదించినది కొన్ని రోజులలో జారిపోయింది. అటు తరువాత తల్లి అనుమతితో ఆస్పత్రిలో అదే పరీక్ష మళ్ళీ చేసి చలనచిత్రంగా తీశారు. 1953లో ఆ ఫలితాలు ప్రకటించారు. తల్లికి తెలియకుండ బిడ్డపై ప్రయోగం చేయడాన్ని నేటి వైద్యధర్మం ఏ విధంగానూ అంగీకరించదు. కాని ఈ రోగం నడకను ఆహారంతో ఆపవచ్చునని, రక్తంలో అంకె పెరిగినప్పుడు బిడ్డ తగ్గుతుందని ఆ పరిశోధన వలన తెలిసివచ్చింది.

ఆ ఆనందంలో ఒక విషాదం కూడ ఉన్నది. ఆ పిల్లకు చికిత్స మొదలైనది రెండేళ్ళ తరువాత. అప్పటికే మెదడుకు కలిగిన నష్టం తిరిగి పూడలేదు. ఎంత తొందరగా మొదలుపెడితే అంత మేలని ఇతర పిల్లల వలన కూడ తెలిసింది. రెండేళ్ళప్పుడు కంటె ఏడాదికి, ఏడాదికంటె మొదటి నెలలలో, అన్నిటికంటె మొదటి వారాలలో. అంటే, ఏ చిహ్నమూ లేని పసికందులలో రోగాన్ని పట్టుకోవాలి. 1957లో కాలిఫోర్నియాలో విలర్డ్ సెంటర్‌వాల్ తడిసిన పొత్తిగుడ్డ మీదనే ఫెర్రిక్ క్లోరైడు చుక్క వేసి చూచే సులభమైన పద్ధతిని ప్రచారం చేశారు. కాని మూత్రంలో ఆ ఆమ్లం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. మంత్రసాని చేతులలోనుండి బిడ్డ ఇంటికి వెళ్ళిపోయిన తరువాత ఆ పరీక్ష చేయించేవారెవరు? ఎందరో తప్పిపోయారు.

ఈ చిక్కు విడదీసినవారు అమెరికాలో బఫెలో నగరానికి చెందిన రాబర్ట్ గత్రీ. ఆయన సూక్ష్మజీవశాస్త్రజ్ఞుడు, పుట్టపుండు పరిశోధనలో ఉండేవారు. ఆయన కుమారుడొకడు బుద్ధిమాంద్యంతో పుట్టాడు. దానికి కారణం ఈ రోగం కాదు. కాని 1958లో దగ్గరి బంధువుల బిడ్డ ఒకతెకు, పదిహేను నెలల వయసులో, ఇదే రోగమని తేలింది. కొద్దిగా ముందు తెలిసి ఉంటే ఆ బిడ్డ తెలివి నిలిచి ఉండేది. అంతకుముందే ఒక వైద్యుడు ఆయనను, ఆహారచికిత్స పొందుతున్న పిల్లల రక్తంలో ఫెనైల్ అలనిన్ ఎంత ఉన్నదో సులభంగా కొలిచే పద్ధతి కావాలని కోరారు. ఆ కోరిక తీర్చడానికి గత్రీ చేసిన యత్నమే లోకప్రసిద్ధమైన పరీక్ష అయింది. గమనింపదగినది ఏమంటే, జబ్బు నడకను కనిపెట్టడానికి పుట్టిన సాధనమే జబ్బును ముందుగా పట్టుకొనే సాధనంగా పరిణమించింది.

ఆ పద్ధతి చాలా తేలిక. పసిబిడ్డ మడమలో సూదితో గుచ్చి, ఒక చుక్క రక్తాన్ని వడపోత కాగితం మీద అద్ది ఆరనిస్తారు. ఆ కాగితాన్ని టపాలో ప్రయోగశాలకు పంపవచ్చును. అక్కడ ఒక పళ్ళెంలో సూక్ష్మజీవులను, అవి పెరుగకుండ అడ్డే ఒక పదార్థాన్ని కలిపి ఉంచుతారు. ఎండిన రక్తపు కాగితం బిళ్ళను దానిమీద పెడితే, రక్తంలో ఫెనైల్ అలనిన్ హెచ్చుగా ఉన్నప్పుడు ఆ అడ్డు తొలగి, బిళ్ళ చుట్టూ సూక్ష్మజీవులు వలయంగా పెరుగుతవి. వలయం పెద్దదైతే ఫెనైల్ అలనిన్ హెచ్చు. 1961లో ఆయన దీనిని వెల్లడించారు; అడా సూసీతో కలిసి 1963లో సవిస్తరంగా ప్రకటించారు. 29 రాష్ట్రాలలో నాలుగు లక్షలకు పైగా శిశువులను రెండేళ్ళలో పరీక్షించగా 39 మంది రోగులు బయటపడ్డారు. దాదాపు పదివేల కాన్పులకు ఒకరన్నమాట. 1963లో మెసాచుసెట్స్ రాష్ట్రం ఈ పరీక్షను చట్టబద్ధం చేసింది. కొద్దికాలంలో అనేక దేశాలు ఆ దారిని పట్టినవి.

ఇప్పుడు మరొక ప్రశ్న. మొదటి వారాలలో చికిత్స మొదలుపెట్టిన బిడ్డలు ఎట్లా ఎదుగుతారు? ఎంతకాలం ఈ పథ్యం? అన్నం, పప్పు, పాలు, రొట్టె అన్నీ గ్రాముల లెక్కన తూచి, మిగిలిన ఆకలిని రుచిలేని ద్రావణంతో తీర్చుకొనడం పిల్లలకు, తల్లులకు తపస్సు వంటిది. మెదడు పెరుగుదల చాలవరకు అయిదారేళ్ళకు పూర్తి అవుతుందని, అటుపైన పథ్యం విడిచినా భయం లేదని అనేకులు తలచారు. తలచడం వేరు, తెలియడం వేరు. 1967లో అమెరికాలో అనేక వైద్యకేంద్రాలు కలిసి ఒక పరిశీలన మొదలుపెట్టినవి. పథ్యంలో పెరిగిన పిల్లలను ఆరవ ఏట రెండు తెగలుగా చేసి, ఒక తెగకు పథ్యం కొనసాగించి, రెండవ తెగకు విడిపించి, ఇరువురి తెలివితేటలను, చదువును ఏడాది తరువాత ఏడాది కొలిచారు. విడిచినవారు కొనసాగించిన వారికంటె వెనుకబడ్డారు. ‘ఆరేళ్ళు చాలును’ అన్న నమ్మకం తప్పని ఈ కొలతలు రుజువు చేసినవి. 2000లో అమెరికా ఆరోగ్యసంస్థలు సమావేశపరచిన నిపుణులు పథ్యం జీవితాంతం ఉండాలని సిఫారసు చేశారు.

నిదానంగా కనిపెట్టి చూచిన ఫలితంగానే మరొక రహస్యం బయటపడింది. పథ్యం సరిగా సాగుతున్నా, రక్తంలో అంకె చక్కగా ఉన్నా, కొద్దిమంది పిల్లలు మాత్రం క్షీణించి పోతున్నారు. లండనులో ఇసబెల్ స్మిత్ 1974-75 నాటికి ఇది గుర్తించి ప్రకటించారు. వీరిలో ఎంజైము బాగానే ఉన్నది. దానికి తోడుపడవలసిన మరొక పదార్థం లోపించింది. ఆ తోడు మెదడులో ఇతర పనులకు కూడ కావలసినది కనుక పథ్యం ఒక్కటి చాలలేదు. పైకి ఒక్కటిగా కనిపించిన రోగంలో వేరొకటి దాగి ఉన్నది. అంకె ఒక్కదానినే నమ్మి బిడ్డను చూడడం మానివేస్తే ఆ రోగం అజ్ఞాతంగానే ఉండిపోయేది.

అన్నిటికంటె ఊహించని మలుపు ఆ తరువాత వచ్చింది. చిన్ననాట బయటపడి, పథ్యం వలన మామూలుగా ఎదిగిన ఆడపిల్లలు పెద్దవారై తల్లులయ్యారు. చాలామంది అప్పటికి పథ్యం మానినవారే. వారి బిడ్డలు ఈ రోగాన్ని వారసత్వంగా పొందకపోయినా, చిన్న తలలతో, మాంద్యంతో, కొందరు గుండెలోపంతో పుట్టసాగారు. తల్లి రక్తంలోని ఫెనైల్ అలనిన్ గర్భస్థశిశువును సోకుతున్నది. 1956లో లండను వైద్యుడు చార్లెస్ డెంట్ ఈ ప్రమాదాన్ని సూచించారు. 1980లో లెంకే, లెవీ అనే ఇద్దరు ఐదువందలకు పైగా గర్భాల వివరాలు సేకరించి, తల్లి రక్తంలో 20 మిల్లీగ్రాములు దాటినచోట 92 శాతం బిడ్డలకు బుద్ధిమాంద్యం, 73 శాతం బిడ్డలకు చిన్న తల కలిగినట్లు చూపారు. 1984లో మొదలైన అంతర్జాతీయ పరిశీలన వలన నివారణోపాయం కూడ స్థిరపడింది. గర్భం ధరించక ముందే, కనీసం మొదటి పది వారాలలోపున, తల్లి పథ్యంతో రక్తాన్ని అదుపులో ఉంచుకొంటే బిడ్డ క్షేమం.

ఈ చరిత్ర గమనాన్ని చూడండి. 1934లో ఆరేళ్ళ బిడ్డను చూచి కారణం తెలుసుకొన్నారు. 1951లో రెండేళ్ళ బిడ్డకు చికిత్స చేశారు. 1960 తరువాత కొద్దిరోజుల బిడ్డను కాపాడగలిగారు. 1980 తరువాత ఇంకా పుట్టని బిడ్డను కూడ కాపాడే ఉపాయం తెలిసింది. కాపలా కాసే కాలం క్రమక్రమంగా వెనుకకు జరిగింది. మరొక వంక పథ్యం పాటించే కాలం ముందుకు సాగి, ఆరేళ్ళనుండి జీవితాంతం వరకు విస్తరించింది.

తరువాతి కాలంలో సాధనాలు పదునెక్కినవి. 1983లో సావియో వూ బృందం ఈ ఎంజైముకు చెందిన వంశబీజాన్ని వేరుచేసింది. అది పన్నెండవ క్రోమోజోము మీద ఉన్నది. 1990 తరువాత, బరువునుబట్టి అణువులను వేరుచేసే యంత్రం వలన, గత్రీ చూపిన ఆ ఒక్క రక్తపు చుక్కతోనే ఇటువంటి అనేక రోగాలను ఒకేసారి పసిగట్టే వీలు కలిగింది. 2007లో, 2018లో రెండు మందులకు అమెరికాలో అనుమతి లభించింది. మొదటిది కొందరికే పనిచేస్తుంది. రెండవది పెద్దవారికి సూదిమందుగా ఇస్తారు. అయినా పథ్యమే నేటికీ చికిత్సకు మూలాధారం.

మన దేశంలో కేంద్రప్రభుత్వం 2021లో వెలువరించిన అరుదైన వ్యాధుల జాతీయ విధానంలో, ప్రత్యేకాహారంతో అదుపుచేయదగిన రోగాల జాబితాలో ఫెనైల్‌కీటోనూరియా చేరింది. ఆ విధానం క్రింద గుర్తించిన కేంద్రాలలో హైదరాబాదులోని నిజాం వైద్యవిజ్ఞాన సంస్థ, డి.ఎన్.ఎ. నిర్ధారణ కేంద్రం కలిసి ఒకటిగా ఉన్నవి. కాని పాశ్చాత్య దేశాలలో వలె పుట్టిన ప్రతి బిడ్డకు ఈ పరీక్ష తప్పక జరిగే ఏర్పాటు మన దేశమంతటా లేదు. అందువలన, బిడ్డ ఎదుగుదలలో తేడా కనిపించిన తల్లి మాటను శ్రద్ధగా వినడం ఇక్కడ మరీ అవసరం. ‘మా పిల్లవాని ఒంటికి వింత వాసన వస్తున్నది’ అన్న మాట ఒక ఔషధాలయాన్ని కదిలించకపోవచ్చును. ఆస్లోలో ఒక ఆచార్యుడు మాత్రం ఆ మాట విన్నాడు. విన్నందువలన మొదలైన ఆ దారిలో, ఈనాడు ఏటేటా వేలమంది శిశువులు, మామూలు పిల్లలవలె బడికి వెళ్ళి, చదువుకొని, తమ బిడ్డలను తామే ఎత్తుకొంటున్నారు.